ఆరాధన, సేవల సమన్వయం: తెలుగు క్రైస్తవ చరిత్రలో ఒక పరిశీలన (1866–1939)

వ్యాససంగ్రహం:
క్రైస్తవ జీవనంలో దేవుని ఆరాధనకు, తోటి మనిషి సేవకు మధ్య ఉండవలసిన సంబంధం తొలి శతాబ్దం నుంచి చర్చలో ఉన్న అంశం. ఒకటి ఎక్కువై మరొకటి తక్కువైనప్పుడల్లా సంఘం తనను తాను ప్రశ్నించుకుంది. తెలుగు నేలపై ఈ ప్రశ్న గ్రంథాలలో కంటే కరువులలో, కాలువ గట్లపై, పల్లెల్లోని ప్రార్థన స్థలాలలో ఎక్కువగా పరీక్షకు గురైంది. ఒంగోలు, గుంటూరు, మెదక్, దోర్నకల్ ప్రాంతాల క్రైస్తవ చరిత్రను ఆధారం చేసుకొని ఈ సమన్వయం ఎలా సాధ్యమైందో, ఎక్కడ ఒత్తిడికి లోనైందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఆరాధన, సేవ, పరిచర్య, ఒంగోలు, కరువు, బకింగ్‌హాం కాలువ, మెదక్, దోర్నకల్, అజరయ్య.

1. ఉపోద్ఘాతం:

ఆరాధన లేని సేవ క్రమంగా ఒక సంస్థ నిర్వహణగా మారుతుంది. సేవ లేని ఆరాధన గుడి గోడల మధ్యే ఆగిపోతుంది. ఈ రెండు మాటలను ఏ క్రైస్తవ బోధకుడైనా అంగీకరిస్తాడు. చిక్కు వచ్చేది ఆచరణలో. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టిన చేతితోనే బాప్తిస్మం ఇవ్వవచ్చా? కరువు కాలంలో గొప్ప ఆలయం కట్టడం న్యాయమా? వారమంతా రైతు పొలంలో పనిచేసే కూలీ ఆదివారం ఆరాధన కోసం పని మానితే ఆ నష్టం ఎవరు భరించాలి? పంతొమ్మిదో శతాబ్దం ద్వితీయార్ధం నుంచి ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల వరకు తెలుగు క్రైస్తవ సంఘాలు ఈ ప్రశ్నలను నేరుగా ఎదుర్కొన్నాయి. అవి ఇచ్చిన సమాధానాలు ఒకే రకంగా లేవు. ఆ భేదాలే ఈ అధ్యయనానికి ప్రధాన సామగ్రి.

2. పదాలు - మూలభావనలు:

తెలుగులో ‘సేవ’ అనే మాటకు రెండు అర్థాలూ ఉన్నాయి. దేవాలయంలో జరిగే సుప్రభాత సేవ, పల్లకీ సేవ ఆరాధనా రూపాలు. రోగికి చేసేదీ సేవే, పేదకు చేసేదీ సేవే. క్రైస్తవుల వాడుకలో సంఘ కాపరిని ‘దైవసేవకుడు’ అంటారు. ఆరాధన నడిపించడమే అతని సేవ. ఈ విధంగా భాషలోనే ఆ రెండు భావాల మధ్య గోడ పలుచన.

ఇతర భాషలలోనూ ఇలాంటి స్థితి కనిపిస్తుంది. హెబ్రీ భాషలో ‘అవొదా’ అనే పదం శ్రమను, దైవారాధనను కూడా సూచిస్తుంది. గ్రీకులో ‘లెయితూర్గియా’ మొదట పౌరుడు తన సొంత ఖర్చుతో ప్రజల కోసం చేసే పనికి పేరు. తర్వాత అదే సంఘారాధనకు పేరైంది. అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయంలో విధవరాళ్ళకు రోజూ ఆహారం పంచడాన్ని, వాక్యం బోధించడాన్ని ఒకే గ్రీకు పదం ‘దియకోనియా’తో పేర్కొన్నారు. తెలుగు బైబిలు అనువాదకులు కూడా రెండింటికీ ‘పరిచర్య’ అనే మాటనే వాడారు. అక్కడ అపొస్తలులు భోజన పరిచర్యను తక్కువ చేయలేదు. దానికోసం ఏడుగురు యోగ్యులను ఎన్నుకోమన్నారు, ఆ ఏడుగురిపై చేతులుంచి ప్రార్థించారు. పని విభజన జరిగింది కానీ విలువల విభజన జరగలేదు.

లూకా సువార్త పదవ అధ్యాయంలోని మార్త, మరియల ఘట్టం ఈ చర్చలో తరచుగా ఉదాహరణగా వస్తుంది. యేసు పాదాల దగ్గర కూర్చున్న మరియను ఆరాధనకు, వంటపనిలో తొందరపడిన మార్తను సేవకు ప్రతీకలుగా వ్యాఖ్యాతలు చూశారు. అయితే ఆ ఘట్టంలో మందలింపుకు గురైంది మార్త చేసిన పని కాదు, ఆ పనిలో ఆమె పడిన కలవరం. అదే అధ్యాయంలో దీనికి సరిగ్గా ముందు మంచి సమరయుని కథ ఉంది. అందులో దారిలో గాయపడి ఉన్నవాణ్ణి చూసి తప్పుకొని పోయినవారు ఆలయ సేవకులైన యాజకుడు, లేవీయుడు. సువార్తికుడు ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టడంలో ఒక సమతూకం కనిపిస్తుంది. ఆమోసు, యెషయా ప్రవక్తలు న్యాయం లేని పండుగలను, ఉపవాసాలను నిరసించారు. యాకోబు పత్రిక దిక్కులేనివారిని పరామర్శించడాన్నే నిష్కళంకమైన భక్తిగా నిర్వచించింది.

3. తొలి సంఘాల అనుభవం:

నాలుగో శతాబ్దంలో కప్పదొకియ ప్రాంతంలోని కైసరయ నగరంలో కరువు వచ్చినప్పుడు బసిలు ధనికుల గిడ్డంగులు తెరిపించడానికి ప్రసంగాలు చేశాడు. ఆకలిగొన్నవారికి భోజన ఏర్పాట్లు చేశాడు. ఆ తర్వాత బిషప్పుగా నగరం వెలుపల రోగులకు, పేదలకు, బాటసారులకు ఆశ్రయమిచ్చే సముదాయాన్ని నెలకొల్పాడు. తూర్పు సంఘాలలో నేటికీ వాడుకలో ఉన్న ఒక ప్రభుభోజన ఆరాధనా క్రమం ఆయన పేరుతోనే ఉంది. ఆరవ శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్ట్ రూపొందించిన మఠ నియమావళి రోజును ప్రార్థనకు, చేతిపనికి, పఠనానికి పంచింది. అతిథిని, రోగిని క్రీస్తునే ఆదరించినట్లు ఆదరించాలని అది నిర్దేశించింది.

ఈ రెండు ఉదాహరణలు రెండు పద్ధతులను చూపుతాయి. బెనెడిక్ట్ పద్ధతి కాలాన్ని క్రమబద్ధం చేయడం. బసిలు పద్ధతి అవసరం వచ్చినప్పుడు ఆరాధనా పీఠం నుంచే సమాజాన్ని కదిలించడం. తెలుగు నేలపై ఈ రెండూ కొత్త రూపాలలో కనిపించాయి.

4. ఒంగోలు: ఆదివారం ఒక సామాజిక సమస్య:

అమెరికన్ బాప్టిస్టు మిషను తెలుగువారి మధ్య 1836లో పని ప్రారంభించి, 1840లో నెల్లూరును కేంద్రం చేసుకుంది. చాలా ఏళ్ళపాటు ఫలితం స్వల్పం. 1865లో వచ్చిన జాన్ ఎవరెట్ క్లౌ మరుసటి ఏడాది ఒంగోలుకు మారాడు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది. దీనికి ముందే, 1866లో, మాదిగ కులానికి చెందిన యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందాడు. యోగసాధనలో అనుభవమున్న పేరయ్య తన బంధువర్గంలో గౌరవం ఉన్న మనిషి. ఉద్యమం పల్లెలకు పాకింది మిషనరీ బండి వెంట కాదు, పేరయ్య వంటివారి బంధుత్వాల వెంట.

కొత్తగా చేరినవారికి క్లౌ ప్రధానంగా మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. పైకి ఇవి మతపరమైన నియమాలు. పల్లె ఆర్థిక వ్యవస్థలో మాత్రం ఒక్కొక్కటీ ఒక్కొక్క కట్టును కదిలించింది. చచ్చిన పశువుపై హక్కు, దానికి బదులుగా చెప్పులు, తోలు బానలు కుట్టి ఇవ్వడం, జాతరలలో డప్పు కొట్టడం మాదిగల గ్రామబాధ్యతలో భాగాలు. కోతల కాలంలో ఆదివారం పనికి రామనడం రైతుకు కోపం తెప్పించింది. ఫలితంగా పల్లెల్లో కొత్త విశ్వాసులు వేధింపులకు గురయ్యారు.

ఇక్కడ ఆరాధన కేవలం వ్యక్తిగత భక్తిగా మిగలలేదు. ఏడు రోజులూ ఇతరుల ఆజ్ఞకు లోబడిన మనిషికి ఒక రోజు తనదైంది. ఆ రోజు అతడు శుభ్రమైన బట్ట కట్టుకొని, తనవారితో కలిసి కూర్చొని, పాట పాడి, అక్షరం నేర్చుకునే అవకాశం పొందాడు. ఆరాధనా దినం అతని మానవ గౌరవానికి చేసిన సేవ ఏ ధర్మకార్యానికీ తీసిపోదు. అయితే దాని మూల్యాన్ని చెల్లించింది మిషను కాదు, ఆ కూలీయే. ఈ వాస్తవాన్ని విస్మరించి ఒంగోలు ఉద్యమాన్ని కేవలం మిషనరీ విజయగాథగా చెప్పడం అసంపూర్ణమవుతుంది.

5. కరువు, కాలువ, బాప్తిస్మం:

1876లో వర్షాలు విఫలమై మద్రాసు ప్రెసిడెన్సీని మహా కరువు కమ్మింది. 1878 వరకు సాగిన ఆ కరువులో లక్షలాది ప్రజలు ప్రాణాలు కోల్పోయారు. భూమి లేని కూలీలు, చేతివృత్తులవారు మొదటి దెబ్బ తిన్నారు. ప్రభుత్వం కరువు పనుల కింద కోస్తా వెంట బకింగ్‌హాం కాలువ తవ్వకాన్ని విస్తరించింది. సర్కారు శిబిరాలలో అధికారుల కాఠిన్యం, అరకొర కూలి, అంటువ్యాధులు కరువు పీడితులను మరింత కుంగదీశాయి.

అమెరికాలో యౌవనంలో భూమి సర్వే పని చేసిన అనుభవం క్లౌకు ఉంది. సుమారు మూడున్నర మైళ్ళ కాలువ తవ్వే గుత్తను ఆయన స్వయంగా తీసుకున్నాడు. కాలువ గట్టున శిబిరం వెలిసింది. పల్లెల్లో బోధించే తెలుగు బోధకులు అక్కడ మేస్త్రీలుగా మారారు. తట్టలు, పారలు, కూలి లెక్కలు వారి చేతికి వచ్చాయి. పని మధ్య విరామాలలో వారే కూలీల మధ్య కూర్చొని ఓదార్పు మాటలు చెప్పారు, బోధించారు. బోధకుడు మేస్త్రీ కావడం చిన్న మార్పు కాదు. కూలీలతో అవమానకరంగా మాట్లాడే గుమాస్తాల చోట, తమ పేరు తెలిసిన, తమ కులంవాడే అయిన మనిషి నిలబడ్డాడు.

శిబిరంలో వేలమంది బాప్తిస్మం కోరారు. ఇక్కడే క్లౌ తీసుకున్న నిర్ణయం ఈ వ్యాసం దృష్టిలో అత్యంత కీలకమైనది. సహాయం సాగుతున్నంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వరాదని ఆయన నిశ్చయించాడు. 1877 మార్చి నుంచి 1878 జూన్ వరకు, సుమారు పదిహేను నెలలు, ఒంగోలు క్షేత్రంలో బాప్తిస్మాలు ఆగిపోయాయి. కూడు కోసం మతం మారారన్న నింద వారిపై పడకూడదన్నది, వచ్చేవారి మనసు తేటపడాలన్నది ఈ నిర్ణయం వెనుక ఉన్న ఆలోచన.

1878 మధ్యకు కరువు సహాయం ముగింపుకు వచ్చింది. ఇవ్వడానికి ఇక డబ్బు లేదని స్పష్టంగా చెప్పిన తర్వాత కూడా జనం తిరిగి వెళ్ళలేదు. తాము వచ్చింది డబ్బుకు కాదని పట్టుబట్టారు. గుండ్లకమ్మ తీరంలోని వెల్లంపల్లి దగ్గర జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తం 3,536 మంది మూడు రోజులలో బాప్తిస్మం పొందారు. క్లౌ స్వయంగా నీళ్ళలోకి దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మారుతూ ఆ సంస్కారాన్ని నిర్వహించారు.

ఈ సంఘటనను సాధారణంగా సంఖ్య గొప్పతనం కోసం ప్రస్తావిస్తారు. దానికి ముందు జరిగిన పదిహేను నెలల నిరీక్షణ అంతకంటే గమనార్హం. ఆ కాలంలో సేవ జరిగింది, ప్రార్థన జరిగింది, బోధ జరిగింది. సంఘ ప్రవేశ సంస్కారం ఒక్కటే ఆగింది. సేవను ఆరాధనకు ఎరగా వాడకుండా, ఆరాధనను సేవకు ప్రతిఫలంగా మార్చకుండా, రెండింటి మధ్య కాలవ్యవధిని కంచెలా నిలిపారు. ఆ కంచె విమర్శను పూర్తిగా ఆపలేకపోయింది. ఆకలిలో అన్నం పెట్టినవారిపై ఏర్పడిన కృతజ్ఞతను విశ్వాసం నుంచి వేరుచేయడం ఎవరికీ సాధ్యం కాదు. అయినా ఆ రెండింటినీ కలపడంలో ప్రమాదం ఉందని గుర్తించి, సంఖ్యాబలాన్ని వాయిదా వేసుకోవడం ఆ కాలపు మిషనరీ చరిత్రలో విశిష్టమైన నిగ్రహం.

ఈ అనుభవానికి అంతర్జాతీయ సంబంధం కూడా ఉంది. 1882లో ఒంగోలుకు వచ్చి, తర్వాత క్లౌను వివాహమాడిన ఎమ్మా రౌషెన్‌బుష్, మాదిగల జీవితంపై 1899లో ఒక గ్రంథం ప్రచురించింది. క్లౌ జీవితానుభవాలతో ఆమె సిద్ధం చేసిన గ్రంథం 1914లో వెలువడింది. ఆ గ్రంథం పేరులోనే ‘సామాజిక క్రైస్తవం’ అనే భావన ఉంది. అమెరికాలో సామాజిక సువార్త ఉద్యమానికి ప్రధాన సిద్ధాంతకర్త అయిన వాల్టర్ రౌషెన్‌బుష్ ఆమె సోదరుడు.

6. గుంటూరు: సేవకు స్వతంత్ర విలువ:

1842లో ప్రారంభమైన గుంటూరు లూథరన్ మిషనుకు 1883లో డాక్టర్ అన్నా సారా కూగ్లర్ వచ్చింది. అప్పటికి ఆమెను పంపిన సంస్థ వైద్యసేవను తన పనిగా స్వీకరించలేదు. బోధన, స్త్రీల మధ్య సందర్శన ఆమెకు అప్పగించిన బాధ్యతలు. వైద్యం ఆమె తనంతట తాను ప్రారంభించింది. 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి ఏర్పడింది. 1930లో మరణించే వరకు ఆమె గుంటూరుతోనే ఉంది.

పరపురుషుడైన వైద్యుని ముందుకు రాలేని స్త్రీకి ప్రసవ సమయంలో ప్రాణం పోయడం ఏ కులానికీ, మతానికీ పరిమితమైన పని కాదు. ఇక్కడ సేవ ఆరాధనకు ముందుమాటగా కాక, దానంతట అదే పూర్తి అయిన విశ్వాసక్రియగా నిలిచింది. మత్తయి సువార్త ఇరవై ఐదవ అధ్యాయంలోని తీర్పు దృశ్యం చెప్పేది కూడా ఇదే. అక్కడ సేవ చేసినవారికి తాము రాజునే సేవించామన్న స్పృహ లేదు.

7. మెదక్: ఆలయమే అన్నదానమైన సందర్భం:

నిజాం రాజ్యంలోని మెదక్‌లో వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ నిర్మింపజేసిన మహాదేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైంది. సుమారు 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల గోపురం ఉన్న ఈ కట్టడం గోతిక్ శైలిలోనిది. కరువు రోజులలో ఆకలిగొన్న ప్రజలకు పని కల్పించి, పనికి ప్రతిగా ఆహారం ఇచ్చి దీనిని కట్టారన్న కథనం ఆ ప్రాంతంలో బలంగా ప్రచారంలో ఉంది.

పేదల మధ్య ఇంత భారీ ఆలయం అవసరమా అన్న ప్రశ్న సహజం. ఊరికే పంచిన గింజలు తిన్నవాడికి ఆకలి తీరుతుంది కానీ చెయ్యి చాచానన్న బాధ మిగులుతుంది. రాయి మోసి, సున్నం కలిపి కూలి సంపాదించినవాడు తలెత్తుకొని అదే ఆలయంలోకి రాగలడు. ఒంగోలు కాలువకూ మెదక్ ఆలయానికీ తేడా ఇక్కడే ఉంది. ఒంగోలులో సేవను, ఆరాధనను కాలంతో వేరుచేశారు. మెదక్‌లో రెండింటినీ ఒకే కట్టడంలో పేర్చారు. ఈ రెండో పద్ధతిలో అందం ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువ. అన్నం, ఆలయం ఒకే చేతిలో ఉన్నప్పుడు పేదవాని స్వేచ్ఛను కాపాడే బాధ్యత ఆ చేతిపైనే పడుతుంది.

8. దోర్నకల్: పేదల ఆరాధన, పేదల సేవ:

పై ఉదాహరణలన్నింటిలో సేవ చేసేవారు విదేశీయులు, పొందేవారు తెలుగువారు. ఈ అమరికను ప్రశ్నించినవాడు వేదనాయగం సామ్యూల్ అజరయ్య (1874–1945). తిరునెల్వేలి ప్రాంతంలో జన్మించిన ఆయన 1903లో భారతీయ మిషనరీ సంఘ స్థాపనలో ముఖ్యపాత్ర వహించాడు. ఆ సంఘమే దోర్నకల్‌కు తమిళ బోధకులను పంపింది. వారు తెలుగు నేర్చుకొని పల్లెల్లో స్థిరపడ్డారు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో అజరయ్య విదేశీ మిషనరీల త్యాగాన్ని అంగీకరిస్తూనే, వారి నుంచి భారతీయులకు కావలసింది స్నేహమని నిర్మొహమాటంగా చెప్పాడు. 1912 డిసెంబరు 29న ఆయన దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే.

ఎడిన్‌బరో ప్రసంగానికీ ఈ వ్యాస విషయానికీ సన్నిహిత సంబంధం ఉంది. సేవలో ఇచ్చేవాడు పైన, పుచ్చుకునేవాడు కింద ఉంటారు. ప్రభుభోజన బల్ల దగ్గర ఇద్దరూ చెయ్యి చాచేవారే. ఆ సమానత్వం ఆలయం దాటి ఇంటి భోజనబల్ల వరకు రాకపోతే ఆరాధనా, సేవా రెండూ లోపభూయిష్టమే.

దోర్నకల్ మండలంలో అజరయ్య ఈ ఆలోచనకు ఆచరణ రూపం ఇచ్చాడు. పగలంతా పొలంలో ఉన్న కూలీలు రాత్రివేళ ఉపాధ్యాయుని దగ్గర కూడి ప్రార్థించడం అనుదిన క్రమమైంది. కీర్తనలు, బైబిలు కథలు చదువురానివారికి కంఠస్థమయ్యాయి. పురుషోత్తమ చౌదరి వంటివారు రచించిన తెలుగు కీర్తనల సంపద అప్పటికే తెలుగు సంఘాలకు ఉంది. అజరయ్య కానుక ఇవ్వడాన్ని ఆరాధనలో భాగంగా బోధించాడు. కోతపండుగనాడు విశ్వాసులు ధాన్యం, కోళ్ళు, కూరగాయలు తెచ్చి సమర్పించారు. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు దేవునికి తీసిపెట్టే అలవాటు తెలుగు సంఘాలలో స్థిరపడింది. ఎంతో కొంత ఇవ్వగలిగినవాడు ఇక కేవలం సహాయం పొందేవాడు కాడు. ఏటా జరిగే సాక్ష్యవారంలో సాధారణ సభ్యులే పొరుగు పల్లెలకు వెళ్ళారు. బాప్తిస్మం పొందినవారు తలపై చెయ్యి ఉంచుకొని సువార్త ప్రకటించే బాధ్యతను తమదిగా ఒప్పుకునే పద్ధతిని ఆయన ప్రవేశపెట్టాడు.

1939 జనవరి 6న దోర్నకల్ మహాదేవాలయం ప్రతిష్ఠితమైంది. దాని నిర్మాణంలో గోపురాలు, స్తంభాలు, చెక్కడాలు దేవాలయ, మసీదు శైలులను స్మరింపజేస్తాయి. మెదక్ ఆలయం పాశ్చాత్య రూపాన్ని తెచ్చింది. దోర్నకల్ ఆలయం స్థానిక రూపాలతోనే దేవుని ఆరాధించవచ్చని నిరూపించింది.

9. విమర్శ - వివేచన:

1930లలో గాంధీజీ మిషనరీల విద్యా, వైద్య సేవలను మతమార్పిడి ఉద్దేశం నుంచి విడదీయాలని పదేపదే కోరాడు. అజరయ్య దీనిని అంగీకరించలేదు. విశ్వాసాన్ని ఎన్నుకునే సామర్థ్యం పేదలకు, దళితులకు లేదన్న భావన ఆ విమర్శలో దాగి ఉందన్నది ఆయన వైపు వాదన సారం. ఇద్దరి వాదాలలోనూ బలం ఉంది. సేవ ఎరగా మారే ప్రమాదం వాస్తవం. ఆకలిగొన్నవానికి ఆత్మ, ఆలోచన కూడా ఉన్నాయన్నదీ వాస్తవమే. క్లౌ పాటించిన పదిహేను నెలల నిరీక్షణ ఈ రెండు వాస్తవాలనూ గౌరవించే ప్రయత్నంగా కనిపిస్తుంది.

మరొక వైపు నుంచి జె. వాస్కం పికెట్ 1933లో భారతదేశంలోని సామూహిక క్రైస్తవ ఉద్యమాలపై వెలువరించిన అధ్యయనం ఆరాధన ప్రాధాన్యాన్ని గుర్తుచేసింది. క్రమం తప్పని ఆరాధన ఉన్న పల్లెల్లో జీవన విధానంలో మార్పు కూడా ఎక్కువగా నిలిచిందన్నది ఆయన పరిశీలనలలో ఒకటి. అంటే సేవా ఫలితం నిలవడానికి కూడా ఆరాధన ఆధారమైంది.

10. ముగింపు:

తెలుగు క్రైస్తవ చరిత్ర నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, ఆరాధన, సేవల సమతూకం అంటే గంటలను సగం సగం పంచడం కాదు. ఒకదాన్ని మరొకదానికి సాధనంగా వాడుకోకపోవడం. రెండవది, వెనుకబడిన కులాలవారికి ఆరాధనా దినం, ఆరాధనా స్థలం సామాజిక గౌరవాన్ని ఇచ్చాయి. కాబట్టి ఆరాధనను లోకం నుంచి పారిపోవడంగా చూడడం ఈ సందర్భంలో పొసగదు. మూడవది, సేవ పొందినవారు సేవ చేసేవారుగా, కానుక ఇచ్చేవారుగా మారినప్పుడే ఆ సమన్వయం పూర్తయింది. గుండ్లకమ్మ నీళ్ళలో బాప్తిస్మమిచ్చిన బోధకులు ఏడాది కిందట కాలువ గట్టున తట్టలు లెక్కపెట్టినవారే. దోర్నకల్ పల్లెలో పిడికెడు బియ్యం తీసిపెట్టిన కూలీ ఇల్లాలు కూడా వారి కోవకే చెందుతుంది. ఆమె పొయ్యి దగ్గర ఆరాధన ఎక్కడ ముగిసిందో, సేవ ఎక్కడ మొదలైందో వేరుచేసి చెప్పడం కష్టం.